మహిద్‌పూర్ 1817: మద్రాసు సిపాయిల బొమ్మలు దొరక్కపోతే ఏం చేయాలి

మీ ప్రశ్న ఇది: మూడో ఆంగ్ల-మరాఠా యుద్ధంలో ఈస్టిండియా కంపెనీకీ ఇండోర్ మరాఠా పాలకులైన హోల్కర్లకీ జరిగిన మహిద్‌పూర్ పోరాటాన్ని 28 మి.మీ. ఎత్తుండే సైనికుల బొమ్మలతో టేబుల్ మీద ఆడాలనుకుంటున్నారు, 1817 నాటి మద్రాసు సిపాయిలు అని పేరు పెట్టి అమ్మే పెట్టె ఎంత వెతికినా కనబడటం లేదు, కాబట్టి సులభంగా దొరికే 1857 తిరుగుబాటు సిపాయిల్ని కొని సర్దుకోవచ్చా అని. నా సమాధానం, సర్దుకోవద్దు. నలభై ఏళ్ల తేడా బట్టల్లో మొత్తం కనిపిస్తుంది. 1857 బొమ్మల్లో చాలావరకు గుండ్రటి చిన్న టోపీలు, చొక్కా చేతులు, ధోవతులు ఉంటాయి. అవి ఢిల్లీకీ లక్నోకీ సరిపోతాయి గానీ, బిగించిన ఎర్రకోటు, ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల బెల్టులు, తల మీద ఎత్తైన గట్టి తలపాగాతో బారులు తీరి శిప్రా నది దాటిన బెటాలియన్‌కి అస్సలు సరిపోవు.

ఇంకో మాట. పెట్టె మీద ఏ యుద్ధం పేరుందో చూసి వెతకడం మానేయండి. ఇలాంటి మారుమూల కాలానికి అలా వెతికితే ఏళ్లు గడుస్తాయి తప్ప సైన్యం తయారవదు. బొమ్మలో మూడు చోట్లు చూడండి చాలు: తల, కోటు ముందు భాగం, మోకాళ్ల కింద కాళ్లు. టేబుల్ మీద రెండు మూడడుగుల దూరం నుంచి చూసేటప్పుడు కంటికి ఆనేది ఈ మూడే. తుపాకీ లాక్ చెకుముకిదా, క్యాప్‌దా అనేది ఆ దూరంలో ఎవరికీ తెలియదు. తల తేడా ఉంటే మాత్రం గదిలోకి అడుగు పెట్టగానే తెలిసిపోతుంది.

ఈ లెక్కన చూస్తే మూడు దారులున్నాయి.

ఒకటి, 'వెల్లింగ్టన్ ఇన్ ఇండియా' అనే పేరుతో రెడౌట్, ఐరన్ డ్యూక్ లాంటి బ్రిటిష్ కంపెనీలు తీసుకొచ్చిన మెటల్ బొమ్మలు. ఇవి 1799 శ్రీరంగపట్నం, 1803 అస్సాయి కాలానివి. సిపాయి మనవాడే, కానీ తొడల దాకా ఉండే పొట్టి నిక్కరు వేసుకుని ఉంటాడు, తలపాగా కూడా పాత పద్ధతిది. 1810ల చిత్రాల్లో కనిపించేది పొడవైన తెల్ల పాంటు. అంటే తలా మార్చాలి, కాళ్లూ నింపాలి. రెడౌట్ బొమ్మలు బొద్దుగా, పెద్దగా ఉంటాయి కాబట్టి, మూడో దారిలో చెప్పబోయే పెర్రీ కంపెనీ సన్నటి బొమ్మల పక్కన ఒకే బెటాలియన్‌లో కలపకండి. వేరే బెటాలియన్‌గా పెడితే ఇబ్బంది ఉండదు. మరాఠా పదాతి, ఫిరంగి సిబ్బంది, గుర్రపు దళం కోసం మాత్రం ఈ రేంజీలు చాలా ఉపయోగపడతాయి. హోల్కర్ వైపు నేను ముందుగా చూసేది ఇక్కడే.

రెండు, మొదటి సిక్కు యుద్ధం (1845-46) బెంగాల్ సిపాయిలు. ముందు అంచు లేని ఎత్తు టోపీ, ఎర్రకోటు, తెల్ల పాంటు ఉంటాయి. దగ్గరగానే ఉన్నాయి. తల ఒక్కటి మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. దొరికితే తీసుకోండి. కాకపోతే ఇవీ మెటలే, బరువుకి తగ్గట్టు షిప్పింగ్ పడుతుంది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చిన దారి. పెర్రీ మినియేచర్స్ వాళ్ల ప్లాస్టిక్ బ్రిటిష్ లైన్ ఇన్ఫంట్రీ, 1808-1815 పెట్టె. సిపాయికి ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన కోటు కట్ బ్రిటిష్ సైనికుడి కోటునే అనుసరించింది కాబట్టి ఒంటికి సంబంధించి మీరు చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు. ప్లాస్టిక్ కాబట్టి తేలిక, బ్లేడుతో వెన్నలా తెగుతుంది, తల విడిగా వస్తుంది, వీపు సంచి కూడా విడిగానే వస్తుంది కాబట్టి పెట్టకుండా వదిలేయొచ్చు. అదే పెట్టెలో తలలు మార్చకుండా ఉంచుకున్నవాళ్లతో రాయల్ స్కాట్స్ అనే బ్రిటిష్ రెజిమెంట్ ఫ్లాంక్ కంపెనీలు (బారు రెండు చివర్లలో నిలిచే దళాలు), మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ తయారవుతాయి. ఇవి రెండూ మహిద్‌పూర్‌లో ముందు వరుసలో ఉన్నవే. కొందరు 95వ రైఫిల్స్ అనే బ్రిటిష్ రైఫిల్ దళం వాళ్లు కూడా అందులోనే వస్తారు. తల మార్చి వాళ్లని మద్రాసు రైఫిల్ కోర్‌లో పెట్టేయండి. ఒక్క పెట్టెతో ఇంత పని జరుగుతుంటే ఇంకోచోట వెతకాల్సిన అవసరం నాకైతే కనబడదు.

ఇక తల సంగతి. అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మద్రాసు సిపాయి తలమీద ఉన్నది గుడ్డ చుట్టుకున్న పాగా కాదు. లోపల చట్రం ఉండి, పైన ముదురు నీలం గుడ్డ బిగించిన గట్టి వస్తువు. పైకి వెళ్లేకొద్దీ కొంచెం వెడల్పవుతుంది, ముందు అంచు ఉండదు. ఈ తలపాగాకి ఒక చరిత్ర ఉంది. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు కదా, దానికి దారితీసిన ఆదేశాల్లో కొత్త రకం తలపాగా ఒకటి. దాని మీద తోలు కాకేడ్, అంటే అలంకారపు బిళ్ల ఉండేది. బొట్టు పెట్టుకోకూడదు, గడ్డం తీసేయాలి అన్నవి మిగతావి. ఆ తిరుగుబాటు తర్వాత పాత నంబరు పోగొట్టుకుని 24వ రెజిమెంట్‌గా మారిన బెటాలియన్, 1817 నవంబర్‌లో నాగపూర్ దగ్గర సీతాబల్డీ గుట్టల మీద నిలబడి పోరాడి, బహుమానంగా తన పాత 1వ నంబరు తిరిగి అడిగి తెచ్చుకుంది. తలకి ఇంత ప్రాధాన్యం ఎందుకిస్తున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ మనుషులకి అది ప్రాణం మీదికొచ్చిన విషయం, మన బొమ్మ మీద తప్పుగా ఉండకూడదు.

చేయాల్సింది ఇది. ప్లాస్టిక్ తలని విడదీయకుండా దాని ఫ్రేమ్ మీదే ఉంచి, 11వ నంబరు సర్జికల్ బ్లేడుతో షాకోని (బ్రిటిష్ సైనికుడి ఎత్తు టోపీని) కనుబొమల పైనుంచి అడ్డంగా కోసేయండి. చెవులు, మొహం మిగలాలి. కోసిన చోట మధ్యలో పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో) సన్నటి రంధ్రం చేసి, అర మిల్లీమీటరు ఇత్తడి తీగ ముక్క గుచ్చి ఫెవిక్విక్ వేయండి. ఈ తీగ లేకపోతే పుట్టీ నొక్కుతున్నప్పుడు మొత్తం జారిపోతుంది. గ్రీన్ స్టఫ్ అనే రెండు భాగాల పుట్టీలో పసుపు, నీలం సమపాళ్లలో కలిపి, మిరియపు గింజంత ముద్దని తీగ చుట్టూ పెట్టి ఆరనివ్వండి. ఈ రోజుకి అంతే, ముట్టుకోకండి. మెత్తటి ముద్ద మీద మెత్తటి పొర వేస్తే ఒకటి సరిచేస్తుంటే ఇంకోటి చెడుతుంది.

మర్నాడు గట్టిపడిన ఆ గింజ మీద రెండో పొర వేసి, తడి చేసిన మొద్దు సూదితో కింది నుంచి పైకి లాగుతూ ఆకారం తీసుకురండి. పైభాగం కొంచెం ఉబ్బెత్తుగా, అంచు స్పష్టంగా ఉండాలి. కింద చుట్టూ సన్నటి పట్టీ. దానికోసం పుట్టీని దారంలా చుట్టి, పది నిమిషాలు ఆగి, చదును చేసి అతికించండి. ముందు వైపు చిన్న బ్యాడ్జీ ఒక చుక్క. ఒక్క తల తృప్తిగా వచ్చేదాకా ఎన్నిసార్లయినా చేయండి. ఎందుకంటే మిగతావన్నీ దీని నకళ్లే.

నకళ్లకి ఇన్‌స్టంట్ మోల్డ్ అనే కడ్డీలు దొరుకుతాయి. వేడి నీళ్లలో వేస్తే మెత్తబడతాయి, చల్లారితే గట్టిపడతాయి, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మెత్తబడిన ముక్కని మీ మాస్టర్ మీద, అంటే మీరు చేసిన ఆ మొదటి తల మీద నొక్కి అచ్చు తీయండి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి: తలపాగా వరకే అచ్చు తీయండి, మొహం వద్దు. మొహం వేరే శిల్పి చెక్కినది, అది కాపీ చేయడం సరైన పని కాదు. చిన్న కంపెనీలు ఇలాంటి కాపీల వల్లే దెబ్బ తింటాయి. తలపాగా మీ చేతి పని, ఎన్నైనా తీసుకోండి. సాయంత్రానికి ఓ నాలుగైదు అచ్చుల్లో నొక్కి పెట్టుకుంటూ పోతే వారం పదిరోజుల్లో బెటాలియన్‌కి సరిపడా తయారవుతాయి. వాటిని షాకో కోసేసిన తలల మీద అతికించి, సందుల్లో కాస్త పుట్టీ రాస్తే సరి.

వాతావరణం గురించి ఎవరూ చెప్పరు. గ్రీన్ స్టఫ్ సూచనలు చల్లటి దేశాలకి రాసినవి. కర్నూలులోనో, రామగుండంలోనో మే నెలలో కూర్చుంటే గంటన్నర పని సమయం గంట కూడా ఉండదు. కలిపిన ముద్దలో సగం ఫ్రిజ్‌లో పెట్టి, కొంచెం కొంచెం తీసుకుని వాడండి. ఎంసీల్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. బేస్‌లకి, నది ఒడ్డుకి, గుట్టలకి చక్కగా పనికొస్తుంది, చవక కూడా. మొహం దగ్గర, పట్టీల దగ్గర వద్దు, దాని పిండి గరుకు, సన్నటి అంచు నిలవదు. గ్రీన్ స్టఫ్ మరీ ఖరీదు అనిపిస్తే మిల్లీపుట్ అనే ఇంకో పుట్టీ మధ్యస్థంగా ఉంటుంది. రెండూ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు, ఆ మిశ్రమం ఆరాక ఫైల్‌తో బాగా అరుగుతుంది.

కాళ్లది చాలా తేలిక. పాంటు బూటు మీద దాకా వస్తుంది కాబట్టి బయట కనిపించేది బూటు ముందు భాగం ఒక్కటే. ఆ కొనని బ్లేడుతో కొంచెం చెక్కి గుండ్రం తగ్గించి, చర్మం రంగు వేసి, అడ్డంగా ఒక ముదురు గీత గీయండి. చెప్పు వేసుకున్న పాదం వచ్చేస్తుంది. మెటల్ బొమ్మల పొట్టి నిక్కర్లని పాంటుగా మార్చాలంటే మాత్రం మోకాలి కింద పుట్టీ పలచగా పరిచి, మడమ దగ్గర ముడతలు నాలుగు లాగాలి. మెటల్ ఫైల్ చేసేటప్పుడు పొడి పీల్చకుండా తడిగుడ్డ మీద చేయండి, పాత బొమ్మల్లో సీసం ఉంటుంది, చేతులు కడుక్కునే తినండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పనికి వేరే బల్ల ఉండాల్సిందే.

హైదరాబాద్ వాళ్లయితే రసెల్ బ్రిగేడ్‌ని వదలొద్దు. నిజాం ఖజానా నుంచి జీతం తీసుకుంటూ ఇంగ్లీషు అధికారుల కింద పనిచేసిన దళం ఇది. 1811 నుంచి 1820 దాకా నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రసెల్ పేరు పెట్టారు. కోఠీ ఉమెన్స్ కాలేజీగా మనం ఎరిగిన రెసిడెన్సీ భవనంలోనే ఆయన కొలువు. మహిద్‌పూర్‌లో వీళ్లు మద్రాసు సైన్యం పక్కనే నిలిచారు. ఈ దళాలే తర్వాత 94వ, 95వ రసెల్స్ ఇన్ఫంట్రీ అయ్యాయి, తర్వాత హైదరాబాద్ రెజిమెంట్‌లో కలిశాయి, 1945లో ఆ రెజిమెంట్ పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. టేబుల్ మీద వీళ్లని మద్రాసు బెటాలియన్ నుంచి విడదీసి చూపించడానికి ఫేసింగ్ రంగు (కోటు కాలరు, చేతి అంచుల రంగు), జెండా మార్చండి, నిలబడే భంగిమ కూడా వేరే పెట్టండి. ఒకరు నడుస్తూ, ఒకరు కాలుస్తూ ఉంటే దూరం నుంచే తెలుస్తుంది.

హోల్కర్ సైన్యం గురించి ఎక్కువమంది పట్టించుకోరు. నాకు అది బాధ. పిండారీల (దోపిడీ గుర్రపు దండుల) గుంపు నాలుగు బేస్‌లు పెట్టి మరాఠా సైన్యం అనేస్తారు. 1817 డిసెంబర్ 21న శిప్రా అవతలి ఒడ్డున హోల్కర్ దగ్గర శిక్షణ పొందిన పదాతి బెటాలియన్లు ఉన్నాయి. వాళ్లని రోషన్ బేగ్ నడిపించాడు. అరవైకి పైగా ఫిరంగులు రేవుకి ఎదురుగా మోహరించి ఉన్నాయి. రాజు మల్హర్ రావు ఇంకా పిల్లవాడు. పాలన చూస్తున్న తులసీబాయిని ముందురోజే సొంత సైన్యంలోని వాళ్లు చంపేశారు. అంత గందరగోళంలో కూడా ఫిరంగి సిబ్బంది ఫిరంగుల దగ్గరే నిలబడి చనిపోయారు. సర్ థామస్ హిస్లాప్ నడిపిన కంపెనీ సేన ఒకే రేవు గుండా దాటి, జాన్ మాల్కమ్ నాయకత్వంలో నేరుగా ఆ ఫిరంగుల మీదికి వెళ్లింది. ఆ సేనలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 780 మంది. ఐదున్నర వేల సేనలో అది చిన్న సంఖ్య కాదు.

అందుకే మీ డబ్బులో పెద్ద వాటా హోల్కర్ ఫిరంగులకి పెట్టండి అంటాను. పది ఫిరంగులకి ఒక మోడల్ లెక్కేసుకున్నా ఆరేడు మోడళ్లు కావాలి, ఒక్కోదానికి నలుగురు సిబ్బంది. ఏ బొమ్మల కంపెనీ తీసుకొచ్చిన నెపోలియన్ కాలపు ఫిరంగైనా పనికొస్తుంది. బారెల్‌ని కంచు రంగులో వేసి, బండి చక్రాల్ని కొంచెం బరువుగా చూపించండి. సిబ్బందికి మరాఠా తలపాగాలు కావాలి. ఇవి నిజంగా చుట్టిన గుడ్డ, కాబట్టి పుట్టీని దారంగా చేసి తల చుట్టూ తిప్పితే చాలు, అచ్చు అక్కర్లేదు. ప్రతి తలా వేరేగా ఉండటమే ఇక్కడ అందం. పఠాన్లు, అరబ్బుల కోసం ఇతర రేంజీల్లోని బొమ్మలు తీసుకోవచ్చు. పొడవైన బందూకు, నడుముకి బాకు, డాలు ఉంటే సరిపోతుంది. ఆ ఆయుధాల ఆకారం కళ్లారా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లండి. తోడేదార్ బందూకు (వత్తితో పేల్చే నాటు తుపాకీ) మడమ ఎంత సన్నగా, వంపుగా ఉంటుందో దగ్గరినుంచి చూస్తే, బొమ్మల చేతిలో ఉండే బ్రౌన్ బెస్ అనే బ్రిటిష్ తుపాకీ మడమని ఎక్కడ చెక్కాలో చేతికే తెలుస్తుంది. చెన్నై వెళ్లే పని పడితే సెయింట్ జార్జ్ కోట మ్యూజియం కూడా చూసిరండి.

ఏ దళం ఎక్కడ నిలిచింది అనే విషయానికి వాలెంటైన్ బ్లాకర్ 1821లో ప్రచురించిన ఆ యుద్ధ వృత్తాంతమే ఆధారం. ఆయన అప్పుడు మద్రాసు సైన్యంలో క్వార్టర్‌మాస్టర్ జనరల్, పటాలు గీయించడం ఆయన ఉద్యోగమే. పాతది కాబట్టి ఉచితంగా చదువుకోవచ్చు. అందులోని పటాన్ని ప్రింట్ తీసి టేబుల్ పక్కన అంటించుకోండి, రూల్స్ ఏవి వాడినా పరవాలేదు. బ్లాక్ పౌడర్ అనే రూల్స్ పుస్తకం అయితే బెటాలియన్‌కి 24 బొమ్మలు చూడటానికి నిండుగా ఉంటాయి.

కొనడం దగ్గరికొస్తే, విదేశాల నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ నిబంధన 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వస్తువులకి. మన మినియేచర్లు పెద్దవాళ్ల హాబీ సామాను, కానీ పార్శిల్ మీద ఒట్టి టాయ్స్ అని రాసి ఉంటే అధికారి దాన్ని ఆ లెక్కలోనే చూస్తాడు. కాబట్టి అమ్మేవాళ్లకి ముందే రాసి, రంగులు వేయని మోడల్ కిట్లు, పెద్దవాళ్ల హాబీ కోసం అని ఉన్నది ఉన్నట్టు స్పష్టంగా రాయమనండి. విలువ తక్కువ చేసి రాయమని మాత్రం అడగకండి, పట్టుబడితే సరుకూ పోతుంది, పేరూ పోతుంది. ఆర్డర్ పెట్టే రోజున రేటు ఎంతుందో చూసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుంటే షిప్పింగ్ కలిసొస్తుంది.

త్రీడీ ప్రింటింగ్ ఉంది కదా అంటారేమో. రెసిన్ ప్రింట్లలో వివరం బాగుంటుంది, ఫైళ్లు కొని ఊళ్లోనే తీయించుకుంటే కస్టమ్స్ గొడవ లేదు. తలలకి, ఫిరంగి బారెళ్లకి నేను సంతోషంగా సిఫార్సు చేస్తాను. బాయ్‌నెట్ పట్టుకున్న పదాతికి మాత్రం మామూలు రెసిన్ వద్దు, ఆటలో నాలుగుసార్లు చేయి తగిలితే మొనలు విరుగుతాయి.

రంగుల్లో రెండు మాటలు. సిపాయి కోటు ఎరుపు అధికారి కోటు ఎరుపంత మెరవదు. సైనికులకి ఇటుక ఛాయ కలిసిన ఎరుపు, అధికారులకి ప్రకాశమైన స్కార్లెట్ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చర్మం రంగు ఒకే సీసాలోంచి అందరికీ వేయకండి. మద్రాసు బెటాలియన్‌లో తెలుగువాళ్లు, తమిళులు, దక్కనీ ముస్లింలు అందరూ ఉన్నారు. మూడు నాలుగు గోధుమ ఛాయలు కలుపుకుని బొమ్మ బొమ్మకీ మార్చండి. హైలైట్ కోసం తెలుపు కలిపితే మొహం బూడిద పూసినట్టవుతుంది. కొంచెం ఎరుపు, కొంచెం ఓకర్ కలపండి, ఎండలో నిలబడ్డ మనిషి మొహంలా వస్తుంది. ప్రైమర్ స్ప్రే వానాకాలంలో కొట్టకండి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమకి ప్రైమర్ పొడిపొడిగా గరుకెక్కి, మీరు కష్టపడి చెక్కిన పట్టీలన్నీ పూడిపోతాయి. ఆ నెలల్లో బ్రష్ ప్రైమర్ వాడండి.

గుర్రపు దళం సంగతి ఇప్పుడే వద్దు. ముందు ఒక పెర్రీ పెట్టె, ఒక గ్రీన్ స్టఫ్, ఇన్‌స్టంట్ మోల్డ్ తెప్పించుకుని ఒక మద్రాసు బెటాలియన్, దానికి ఎదురుగా రెండు హోల్కర్ ఫిరంగులు పూర్తి చేయండి. మాస్టర్ తల తయారయ్యాక ముందు నుంచి, పక్క నుంచి రెండు ఫొటోలు పెట్టండి, అచ్చు తీసేలోపే పైభాగం వెడల్పు సరిపోయిందో లేదో చూసి చెబుతాను.